బట్టీలో పగిలిన బొమ్మ

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని చెల్లెళ్ళు అడిగితే కవిత రాద్దామనుకున్నాను. రెండు రాత్రులు కూర్చున్నా రాలేదు. ఈ ఏడు మన హాస్టల్ నుంచి ఇద్దరు బి.ఎఫ్.ఏ.లో చేరారు. మట్టి క్లాసు గురించి రోజూ ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. అందుకే నాకు తెలిసిన మట్టి గురించే రాస్తున్నాను.

మాది పాలమూరు వైపు పల్లె. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. దీపావళి దాటగానే అమ్మానాన్నలు అడ్వాన్సు తీసుకుని హైదరాబాద్ చుట్టుపక్కల ఇటుక బట్టీలకు వచ్చేవారు. వానలు మొదలయ్యేదాకా అక్కడే ఉండేవారు. కాలేజీ మొదటి రోజు పరిచయాల్లో మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగితే "వ్యవసాయం" అన్నాను. పూర్తిగా అబద్ధం కాదు, మాకు ఎకరం చెలక ఉంది. కానీ బట్టీ అనే మాట నోట రాలేదు.

క్లాసులో ముందు నేర్పింది మట్టి పిసకడం. చపాతీ పిండి కంటే గట్టిగా, అరచేతి మొదలుతో నొక్కి మడుస్తూ పిసకాలి. లోపలి గాలి పోవాలి, తేమ అంతటా ఒకేలా ఉండాలి. తర్వాత చేతి పద్ధతులు మూడు. ముద్దలో బొటనవేలు దించి చుట్టూ నొక్కుతూ గిన్నె చేయడం ఒకటి. పాముల్లా చుట్టలు చేసి పేర్చడం ఇంకొకటి. పలకలా ఒత్తి, కోసి అతకడం మూడోది. అతికేచోట రెండు వైపులా గీతలు గీసి, మీగడలా కలిపిన మట్టినీళ్ళు పూయాలి. దాన్నే స్లిప్పు అంటారు. గీతలు గీయకుండా అతికించిన కప్పు చెవి ఆరేలోపే ఊడిపోతుంది. సారె మీద కుండ చేయడం వీటన్నిటికంటే కష్టం. సికింద్రాబాద్‌లో కుమ్మరిగూడ అనే పేరే ఉంది. బోనాలకు మనం నెత్తిన ఎత్తుకునే మట్టికుండ సారె మీద పూర్తవుతుందనుకునేదాన్ని. కాదు. సారె మీద మూతి, మందపాటి గోడ తయారవుతాయి. తర్వాత లోపల రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టి కొట్టి పలచన చేస్తారు.

నేను మొదటి ఏడాదిలో తలమీద ఇటుకలు మోసే ఆడమనిషి బొమ్మ చేశాను. అడుగు ఎత్తు, లోపలంతా గట్టి మట్టే. వానాకాలం. ఆరు రోజులు ఆరబెట్టాను. పైన తెల్లబడింది కదా అని బట్టీలో పెట్టించాను. బొమ్మ పేలిపోయి, ముక్కలు తగిలి పక్కనున్న క్లాస్‌మేట్ల కప్పులు కూడా పగిలాయి. ఎవరూ తిట్టలేదు. దానికే ఎక్కువ ఏడుపొచ్చింది. చదువు మానేసి ఇంటికొస్తానని అమ్మకు ఫోన్ చేశాను.

అమ్మ అంతా విని ఒకటే అడిగింది. "ఎన్ని దినాలు ఆరబెట్టినవ్ బిడ్డా? పచ్చి ఇటుక బట్టీల పెడితే పగలదా మరి?"

ఇటుకను అచ్చులోంచి తీశాక పడుకోబెట్టి ఆరబెడతారు, తర్వాత పక్కకు నిలబెడతారు, ఆ తర్వాత సందులు వదిలి పేరుస్తారు. మంట కూడా మొదట చిన్నగానే పెడతారు. ఇవన్నీ నేను చిన్నప్పటి నుంచీ చూసినవే! గాలి బుడగ వల్ల పేలుతుందని చాలామంది అంటారు. అసలు కారణం లోపల మిగిలిన తడి. నూరు డిగ్రీలు దాటితే ఆ నీరు ఆవిరై దాదాపు 1,600 రెట్లు పెరుగుతుంది. బయటికి దారి లేకపోతే మట్టిని చీల్చుకుని వస్తుంది. అందుకే గోడ వేలిమందం కంటే ఎక్కువ ఉండకూడదు. ఆరిందో లేదో తెలియాలంటే చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. ఎంత ఆరినా నీళ్ళలో వేస్తే మళ్ళీ బురదే. సుమారు 600 డిగ్రీలు దాటాకే అది తిరిగి మట్టి కాదు. మొదటి కాల్పు 1,000 డిగ్రీల దగ్గర ఆపి, గ్లేజు పూసి మళ్ళీ కాలుస్తారు. గ్లేజు అంటే రంగు కాదు, పలుచని గాజు పొర. మన కుండకు అది లేదు కాబట్టే నీరు ఊరి చల్లబడుతుంది.

తర్వాత సంగారెడ్డి జిల్లా కొండాపూర్ మ్యూజియం చూశాను. అక్కడి శాతవాహనుల కాలపు మట్టిబొమ్మల్లో రెండు అచ్చులతో చేసి అతికించినవి ఉన్నాయి. లోపల బోలు. రెండు వేల ఏళ్ళ కిందటే తెలిసిన సంగతి నాకు ఫోన్‌లో అమ్మ చెప్పాల్సి వచ్చింది.

మరుసటి సోమవారం క్లాసులో బొమ్మ ఎందుకు పగిలిందో చెప్పమన్నారు. అమ్మ మాటే చెప్పాను. మీ అమ్మకెలా తెలుసన్నారు. బట్టీలో పనిచేస్తుందన్నాను. అదే బొమ్మ మళ్ళీ చేశాను, ఈసారి లోపల తొలిచి, ఇరవై రోజులు ఆరబెట్టి. ఇంటికి తీసుకెళ్తే అమ్మ తిప్పి తిప్పి చూసి, "ఆరేనా? నేను పదెత్తుకునేదాన్ని" అంది.

మట్టి కావాలన్న చెల్లెళ్ళు ఆదివారం పొద్దున రండి. మెట్ల కింద టబ్బులో నానబెట్టాను. పాత చీర ముక్క ఒకటి, ప్లాస్టిక్ కవరు ఒకటి తెచ్చుకోండి. ఎండిన ముక్కలు పారేయకండి, మళ్ళీ నానేస్తే పనికొస్తాయి.