నీటి రంగు నీటి రంగులాగే పడాలి
(నేలపట్టు, పులికాటు తీరాలలో)

చెన్నై నుండి నెల్లూరు వైపు వచ్చే జాతీయ రహదారి మీద సూళ్లూరుపేట ఉన్నది. అక్కడి నుండి తూర్పునకు తిరిగితే శ్రీహరికోట వెళ్ళే రోడ్డు పులికాటు సరస్సు నడుమగా సాగిపోతుంది. అటు నీరు, ఇటు నీరు. ఉత్తరంగా కొంతదూరం పోతే దొరవారిసత్రం మండలంలో నేలపట్టు చెరువు. అక్టోబరు మొదలు మార్చి వరకు ఈ రెండు చోట్లా పక్షులే పక్షులు. చలికాలపు సెలవులలో పిల్లాపాపలతో, సద్దిమూటలతో వచ్చే కుటుంబాలు ఎన్నో. చేతిలో ఫోను లేనివారు వారిలో అరుదు.

అయితే ఇంటికి వెళ్ళి ఫోటోలు చూసుకున్నప్పుడు చాలామంది ఒకే మాట అంటారు: “పక్షి బాగానే పడింది గాని, ఆ నీళ్ళు మనం చూసిన నీళ్ళలా లేవు.” ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకుంటే, ఖరీదైన కెమెరా లేకపోయినా చాలావరకు సరిచేసుకోవచ్చును.

ముందు నేలపట్టు సంగతి చూద్దాము. ఇది మంచినీటి చెరువు. నీటిలోనే నిలబడి బ్రతికే నీటి కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుంటాయి. వాటితోపాటు నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కూడా. వందలాది పక్షుల రెట్ట నీటిలో పడుతుంది. ఆ ఎరువుతో నాచు పెరుగుతుంది, నీరు పచ్చబడుతుంది. ఆ నీరు పైరుకు బలమని చుట్టుపక్కల రైతులకు తెలుసు. కాబట్టి ఆ పచ్చదనాన్ని మురికి అనుకోకూడదు. అది పక్షులు అక్కడ కాపురమున్నాయని చెప్పే గుర్తు.

ఇక్కడే కెమెరా పొరపడుతుంది. ‘ఆటో’లో పెట్టిన కెమెరా తన ముందున్న రంగులన్నిటినీ కలిపితే బూడిదరంగు రావాలని లెక్క వేసుకుంటుంది. పెళ్ళివారి గుంపును తీసేటప్పుడు ఆ లెక్క బాగానే కుదురుతుంది. కాని చట్రమంతా పచ్చని నీరే ఉంటే, “ఇంత పచ్చ ఎక్కడిది? వెలుతురులోనే లోపమున్నది” అనుకొని ఎరుపు, ఊదా కలుపుతుంది. నీరు బురదరంగుకు దిగుతుంది, తెల్లని గూడబాతుకు లేని గులాబిరంగు అంటుకుంటుంది.

దీనికి మందు తేలిక. ఫోనులో ‘ప్రో’ అనే ఏర్పాటు ఉంటే దానిలో వైట్ బ్యాలెన్స్‌ను మనమే నిలపవచ్చు. నడి ఎండకు 5,500, మబ్బు పట్టినప్పుడు 6,500, చెట్టు నీడలో 7,500 కెల్విన్ దగ్గర పెడితే ఇంచుమించు సరిపోతుంది. పెద్ద కెమెరా ఉన్నవారు బూడిదరంగు అట్టను పక్షి మీద పడే వెలుతురులోనే పట్టుకొని, దానిని కొలతగా తీసుకొనవచ్చును. కొందరు తెల్ల రుమాలు పట్టుకుంటారు. నీలిమందు పెట్టి ఉతికిన రుమాలు మాత్రం పనికిరాదు. అందులోని నీలాన్ని కెమెరా తెలుపుగా లెక్కించి, ఫోటోకు పసుపు పులుముతుంది.

ఇక వెలుతురు మోతాదు. చెరువు నీరు ముదురు రంగు, పక్షి తెలుపు. నీటి ముదురుతనం చూసి కెమెరా వెలుతురు పెంచేస్తుంది. పక్షి సున్నం పూసినట్టు తేలిపోతుంది, నీరు వెలవెలబోతుంది. అందుకని ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు తగ్గించాలి. పులికాటులో దీనికి సరిగ్గా తిరుగుడు. అక్కడ నీరు అద్దంలా మెరుస్తూ ఉంటుంది గనుక కెమెరా వెలుతురు తగ్గిస్తుంది. అక్కడ అర మెట్టో, ఒక మెట్టో పెంచాలి.

పులికాటు నీటికి మరొక స్వభావమున్నది. ఇది ఉప్పునీరు, మంచినీరు కలిసే సరస్సు. దేశంలో చిల్కా తరువాత ఇంత పెద్దది ఇదే. నీరు చాలాచోట్ల మోకాలి లోతు. లోతులేని నీటికి తన నీలం అంటూ ఉండదు. కొంత పైనున్న ఆకాశం రంగు, కొంత అడుగునున్న బురద రంగు. ఏది ఎంత కనబడేది మనం నిలబడే చోటునుబట్టి ఉంటుంది. గట్టు మీద కూర్చొని ఏటవాలుగా చూస్తే ఆకాశమే నీటిలో కనబడుతుంది. ఎత్తుగా నిలిచి కిందికి చూస్తే అడుగు బురద, నాచు కనబడతాయి. ఒకే నీరు, ఒకే గడియ, రెండు రంగులు. రెండూ నిజమే. పోలరైజర్ అనే అద్దాన్ని కెమెరా ముందు తిప్పితే పైమెరుపు తగ్గి లోపలి రంగు బయటపడుతుంది. కాని పక్షి నీడ కూడా నీటిలో మాయమవుతుంది. ఏది కావాలో ముందే అనుకోవాలి.

సాయంకాలం ఫ్లెమింగోలు బారులు తీరినప్పుడు నీరంతా బంగారమవుతుంది. అప్పుడు ఆటోలో పెడితే కెమెరా ఆ బంగారాన్ని తీసివేస్తుంది. 5,500 వద్దనే ఉంచితే మన కంటికి కనబడినదే పడుతుంది.

సరస్సు ఒడ్డున ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటుండగా, మాతో వచ్చిన కుర్రవాడొకడు గోడ క్యాలెండరు బొమ్మను ఫోనులో చూపి, “తాతా, ఇది మీ పులికాటే” అన్నాడు. అందులో ఫ్లెమింగోల కింద నీరు నీలిమందు కలిపినట్టుంది. ఆయన కాసేపు చూసి, “పిట్టలు మావే నాయనా, నీళ్ళు మావి కావు” అన్నాడు. ఆ మాట తేలికగా తీసివేయదగినది కాదు.

ఎందుకంటే, రాయదొరువు దగ్గర సముద్రపు ముఖద్వారం ఇసుకతో పూడిపోయి, ఉప్పునీరు సరిగా లోపలికి రావడం లేదని జాలరులు ఏళ్ళ తరబడి మొరపెట్టుకున్నారు. నీరు తగ్గితే చేప, రొయ్య తగ్గుతాయి. ఫ్లెమింగోకు ఆ గులాబి రంగు వచ్చేది తాను తినే నాచులోను, చిన్న రొయ్యల్లోను ఉన్న రంగు పదార్థం వల్లనే. నీరు, తిండి, రంగు ఒకే గొలుసు. ఎండిన చోటును, పచ్చబడిన చోటును, బురద తేలిన చోటును ఉన్నది ఉన్నట్టు తీసిన ఫోటో పది సంవత్సరాల తరువాత సాక్ష్యంగా నిలుస్తుంది. అందం కోసం నీలం దిద్దిన ఫోటో ఆ సాక్ష్యాన్ని చెరిపివేస్తుంది. కూటికి ఆ నీటినే నమ్ముకున్నవాడికి అది చేసే మేలేమీ లేదు.

కనుక వెళ్ళేవారికి కొన్ని మాటలు. తీసిన మూల ఫోటోను మార్చకుండా దాచండి. దిద్దితే నకలు మీదనే దిద్దండి. చోటు, తేదీ, వేళ వ్రాసిపెట్టండి. షట్టరు నొక్కిన వెంటనే తల ఎత్తి, నీటిని ఒకసారి కంటితో చూసి, ఆ రంగును మాటల్లో వ్రాసుకోండి: పాచిపచ్చ, బూడిద, చెరకురసం రంగు, ఏదైనా సరే. తరువాత సరిచూసుకొనడానికి అంతకంటే మంచి కొలత లేదు. పక్షులు ఎగిరితే బొమ్మ బాగుంటుందని చప్పట్లు కొట్టడం, రాళ్ళు విసరడం చేయనివ్వకండి. గూటిలో గ్రుడ్లున్న తల్లిని లేపితే నష్టం మన ఫోటోతో తీరేది కాదు.

పిల్లలకు ఈ పని నేర్పండి. ఉన్న రంగును ఉన్నట్టు చూడడం నేర్చినవారు, ఆ రంగు మారిన రోజున అందరికంటే ముందు గుర్తుపడతారు.