రాశి కొలత

పాఠ్యపుస్తకాల్లో శంకువు అనగానే ఐస్‌క్రీం కోన్ బొమ్మ వేస్తారు, లేదంటే పుట్టినరోజు టోపీ. పిల్లలకి తెలిసినవే కాబట్టి అందులో తప్పేం లేదు. మా అమ్మ వాళ్ల ఊళ్లో మాత్రం శంకువుకి ఇంకో పేరుండేది. రాశి.

కళ్లంలో తూర్పారబట్టిన వడ్లని ఒకేచోట పోస్తూ పోతే కుప్ప కొంత ఎత్తు లేచి, ఆపైన పక్కలకి జారుతుంది. ఇంకా పోస్తే కుప్ప పెరుగుతుంది గానీ దాని వాలు మారదు. చిన్న రాశీ పెద్ద రాశీ ఒకే పోలికలో ఉంటాయి.

ఈ సంగతి 1150 నాటి లీలావతిలో లెక్కగా ఉంది. రాశి ఎత్తు దాని చుట్టుకొలతలో ఎన్నో వంతో భాస్కరాచార్యుడు చెప్తాడు: ముతక గింజలకి పదో వంతు, సన్న గింజలకి పదకొండో వంతు, నూగున్న వాటికి తొమ్మిదో వంతు. నూగు గింజలు ఒకదాన్నొకటి పట్టుకుని కాస్త నిటారుగా నిలబడతాయి మరి. ఘనపరిమాణం కావాలంటే చుట్టుకొలతలో ఆరో వంతుని వర్గం చేసి, ఎత్తుతో గుణించాలి. ముతక గింజల రాశి చుట్టూ 60 మూరలుంటే ఎత్తు 6. పది పదులు వంద, ఆరు వందలు 600 ఘన మూరలు.

మా అక్క కూతురు ఐదో తరగతి. వర్క్‌షీట్‌లో శంకువుకి ముఖాలు రెండు, అంచు ఒకటి, శీర్షం ఒకటి అని నింపేసి, "ఇవి తెలిస్తే ఏమొస్తుంది పిన్నీ?" అనడిగింది. అట్టముక్కలతో ఒక శంకువు, అదే అడుగు, అదే ఎత్తు ఉన్న స్థూపం చేసి, బియ్యం డబ్బా ముందు పెట్టాను. ఎన్ని శంకువులు పోస్తే స్థూపం నిండుతుందంటే, "రెండు" అంది. పక్కనుంచి చూస్తే త్రిభుజం దీర్ఘచతురస్రంలో సగమే కదా. మూడు పట్టేసరికి అంటించడంలో తేడా వచ్చిందేమోనని మళ్లీ పోసి చూసింది. ఆర్యభటీయంలో ఆరంచుల పిరమిడ్‌కి కూడా సగమనే ఉందని, మూడో వంతని బ్రహ్మగుప్తుడు 628లో రాశాడని చెప్తే కాస్త కుదుటపడింది.

మరి లీలావతి సూత్రంలో ఆ మూడో వంతు ఎక్కడ? పై విలువని 3 అనుకుంటే చుట్టుకొలతలో ఆరో వంతే వ్యాసార్ధం. ఆ 3, మూడో వంతూ కొట్టుడుపోయాయి. భాస్కరుడికి 22/7 తెలియక కాదు, అదీ అదే పుస్తకంలో ఉంది. కళ్లంలో నిలబడి నోటిలెక్క వేసుకునేవాడికి ఇది చాలు. కాకపోతే అసలు పై విలువతో వేస్తే 600 కాస్తా దాదాపు 573 అవుతుంది.

ఆ 27 దగ్గర నేను ఆగిపోయాను. మా తాతయ్య కౌలురైతు. పంటలో సగం భూమి ఆసామికి. రాశిని 600 అని అంచనా కట్టి అందులో సగం తీసుకుపోతే, రైతుకి మిగిలేది 273. న్యాయంగా రావాల్సింది 286న్నర. పదమూడున్నర పోయినట్టే. ఆసామి మనుషులు లీలావతి చదివి వచ్చేవాళ్లు కాదు, కంటితో చూసి ఓ అంకె చెప్పేవాళ్లట. తాతయ్య ఒప్పుకునేవాడు కాదు. కుంచంతో కొలవాల్సిందే. లాభం, రెండు, మూడు అంటూ పొద్దుపోయేదాకా కొలిచేవాళ్లని అమ్మ చెప్తుంది.

కుంచం స్థూపమే. కానీ నిండుగా పోస్తే దాని నెత్తిన ఓ చిన్న శంకువు నిలుస్తుంది. దాన్ని చేత్తో చదును చేసి కొలవాలా, అలాగే పొయ్యాలా అన్నదాని మీదే గొడవలన్నీ అయ్యేవట.