పవర్‌హౌస్‌లో నమాజు

పిల్లల్ని బయటి దేశం పంపితే ఖర్చెంత, చదువెలా ఉంటుంది, దీన్ నిలుస్తుందా అని ఖాలాలూ ఫూఫీలూ అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను.

నాది విజయనగరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు స్కూల్లో ఉన్నాను. మా మొహల్లాలో వారం రోజులు కరెంటు లేదు. మసీదు మోటారు ఆగిపోయి వుజూకి నీళ్లు బిందెలతో మోశారు. కరెంటు చదువు మీద నా శౌఖ్ అప్పుడే మొదలైంది. ట్రిపుల్ ఈ అయ్యాక 2023లో స్టాక్‌హోమ్‌లోని కేటీహెచ్‌లో సస్టెయినబుల్ ఎనర్జీ ఇంజనీరింగ్‌లో సీటొచ్చింది. రెండేళ్ల మాస్టర్స్.

"ఏటమ్మా, సూర్యుడే సరిగ్గా రాని దేశానికెళ్లి సూర్యుడి కరెంటు నేర్సుకుంటావేటి?" అంది పక్కింటి పిన్ని. సవాల్ సబబైనదే. డిసెంబరులో అక్కడ పొద్దు దాదాపు తొమ్మిదింటికి పొడిచి మూడింటికల్లా వాలిపోతుంది. జొహర్, అసర్, మగ్రిబ్ ఒకదాని వెనక ఒకటి తరుముకొస్తాయి. క్లాసుల మధ్య మెట్ల కింద జానమాజ్ పరిచేదాన్ని. ఒక్క మాట మాత్రం పిన్నికి చెప్పాను: ఎండ తక్కువున్న చోట మనుషులు ప్రతి యూనిట్‌నీ లెక్క పెట్టుకుంటారు, ఆ లెక్కే నేను నేర్చుకోవడానికి వెళ్తున్నది అని.

ఇక అసలు మస్‌అలా పైసలు. 2011కి ముందు స్వీడన్‌లో మనలాంటి దేశాల పిల్లలకు కూడా ఫీజు ఉండేది కాదు. ఇప్పుడుంది, బాగానే ఉంది. అబ్బాది చిన్న బట్టల కొట్టు. ఆయన సూద్ ముట్టరు. మైనారిటీ పిల్లల విదేశీ చదువు లోన్ల మీద వడ్డీ సర్కారు భరించే 'పఢో పర్‌దేశ్' స్కీమ్ ఒకటి ఉండేది. ఆ పేపర్ కటింగ్ అబ్బా ఏళ్ల తరబడి బీరువాలో దాచుకున్నారు. వడ్డీ మనం కట్టం కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నారు కూడా. నాకు సీటొచ్చే ముందే, 2022లో, దాన్ని ఎత్తేశారు. ఒక బ్యాంకుకి వెళ్తే అక్కడి మేనేజరు కాగితాలు చూడకుండానే "ఆడపిల్లని అంత దూరమెందుకు పంపడం, ఆ డబ్బుతో షాదీ చెయ్యండి" అన్నాడు. అబ్బా ఏమీ అనలేదు. ఇంటికొచ్చి ఒక నోటుబుక్కు తీశారు.

ఖర్జ్-ఎ-హసనా అంటే బయానుల్లో వినడమే గాని, అది నడవడం అప్పుడు చూశాను. కువైట్‌లో డ్రైవరుగా ఉన్న చాచా అందరికన్నా ఎక్కువ పంపారు. అమ్మీ గాజులు వెళ్లాయి. మామూ ఇచ్చారు. అడక్కుండానే పక్కింటి పిన్ని ఇరవై వేలు తెచ్చి అమ్మీ చేతిలో పెట్టింది. అప్పు ఎంతైనా రాసుకోవాలి, గవాహీ ఉండాలి అని సూరె బఖరాలో ఉంది కదా. ఖుర్‌ఆన్ మొత్తంలో అదే అతి పొడుగైన ఆయత్ అంటారు. అబ్బా ప్రతి పేరూ, మొత్తం, తారీఖు రాసి, ఇద్దరి సంతకాలు పెట్టించారు. సొంత తమ్ముడి దగ్గర కూడా. చాచా నొచ్చుకున్నారు గాని సంతకం పెట్టారు.

చదువు గురించి. స్టాక్‌హోమ్‌లో చాలా ఇళ్లకు చలికాలం వేడి పైపుల్లో వేడినీళ్ల రూపంలో వస్తుంది, మనకు కుళాయి నీళ్లు వచ్చినట్టు. చెత్త, చెక్క పొట్టు కాల్చి కొంత తీస్తారు. హమ్మర్‌బీ అనే చోట 1986 నుంచి శుద్ధి చేసిన మురుగునీటిలోంచే వేడి లాగుతున్నారు. ఇది చెప్పగానే నానీ "తౌబా! ఆ నీళ్లతో గుస్ల్ అవుతుందా?" అంది. నీళ్లు కలవవు నానీ, మధ్యలో లోహపు పలకలుంటాయి, వేడి ఒక్కటే ఇవతలికి దాటుతుంది అని గిన్నెలో గిన్నె పెట్టి వీడియో కాల్‌లో చూపించాను. నా ప్రొఫెసర్‌కి కూడా అంత ఓపిగ్గా చెప్పలేదు.

జుమాకి వెళ్లే పెద్ద మసీదు మెద్‌బోర్యార్‌ప్లాట్సెన్ దగ్గరుంది. ఆడవాళ్లకూ జాగా ఉంది. 2000లో మసీదుగా తెరిచారు. అంతకు ముందు అది కరెంటు స్టేషన్! ఫెర్డినాండ్ బోబెర్గ్ అనే ఆర్కిటెక్ట్ 1903 నాటికి కట్టిన కతరీనా పవర్‌హౌస్. ఆయనకు ఇస్లామీ కట్టడాలంటే ఇష్టమట. ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఖుత్బా మీద ధ్యాస నిలవలేదు. ఊరి నడిబొడ్డున, బడులూ అంగళ్ల మధ్య పవర్‌హౌస్ పెట్టుకున్నారు వీళ్లు అనే ఆలోచనే.

ఎందుకంటే మా జిల్లాల్లో అది ఎక్కడ పెట్టబోయారో నాకు తెలుసు. ప్రాజెక్టుల మీద జనం గొడవల గురించి ఒక సెమినార్‌లో నేను సోంపేట చెప్పాను. శ్రీకాకుళం జిల్లాలో బీల అని పిలుచుకునే తడి నేలలు. రైతులకు నీళ్లూ, బెస్తవాళ్లకు చేపలూ ఇచ్చే ఆ చోటును కాగితాల మీద పనికిరాని భూమి అన్నారు. థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. మరుసటి ఫిబ్రవరిలో కాకరాపల్లిలో మళ్లీ అదే. సోంపేట ప్లాంటు రాలేదు, బీల ఉంది. క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఘనా అబ్బాయి ఒకడు "సోలార్ పార్కుకైనా అదే భూమి అడుగుతారు కదా" అన్నాడు. నిజమే. పొగ రానంత మాత్రాన ప్రాజెక్టు పాక్ అయిపోదు. భూమి ఎవరిది, ఎవర్ని అడిగారు అన్నది మిగిలే ఉంటుంది. నా థీసిస్‌లో ఒక చాప్టర్ అంతా దీని మీదే రాశాను.

రంజాన్ సంగతి అందరూ అడుగుతారు. నాకు పడినవి మార్చి రోజాలు. మన దగ్గరకన్నా మరీ పెద్ద తేడా లేదు. జూన్‌లో పడిన ఏళ్లలో అక్కడివాళ్లు దాదాపు ఇరవై గంటలుండేవారట. విచిత్రం ఒకటే: 2024లో రంజాన్ మధ్యలో గడియారాలు గంట ముందుకు తిప్పారు, ఒక్క రాత్రిలో ఇఫ్తార్ గంట ఆలస్యం. హాస్టల్ వంటింట్లో చైనా అమ్మాయి నాతో పాటు ఖజూర్ పట్టుకుని గడియారం చూస్తూ కూర్చునేది.

2025 జూన్‌లో చదువు ముగిసింది. పని వెతుక్కోవడానికి స్వీడన్ ఏడాది దాకా ఉండనిస్తుంది. విశాఖలో ఒక సోలార్ కంపెనీ కూడా పిలిచింది, జీతం అక్కడి దాంట్లో నాలుగో వంతు. మనసు ఇటే లాగింది. అదే వారం చాచా ఫోన్ చేసి, కువైట్‌లో పని ఇక సాగదు, మోకాళ్లు సహకరించడం లేదు అన్నారు. ఖర్జ్ మాట ఎత్తలేదు. ఎత్తరు కూడా. నేను స్టాక్‌హోమ్ కొలువుకే హా చెప్పాను. అమ్మీ రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

చెల్లి ఇప్పుడు బీటెక్ మూడో ఏడు. నోటుబుక్కులో ఖాళీ పేజీలున్నాయి, కాని ముందు పేజీలు కొట్టెయ్యకుండా కొత్త పేజీ తెరవనని అబ్బా అన్నారు. చాచా వచ్చేలోగా ఆయన పేరు మీద గీత పడాలి. నా లెక్క ప్రకారం ఇంకా నాలుగు జీతాలు కావాలి. దువా చెయ్యండి.