ఖాళీగా వదిలిన రెండు స్లాట్లు

జాకెట్టు కుట్టడానికి ఇచ్చేటప్పుడు టైలరుకి మనం తప్పకుండా చెప్పే మాట ఒకటుంది కదా, "లోపల కాస్త గుడ్డ వదలండి" అని. ఇవాళ సరిపోయిన జాకెట్టు రెండేళ్లకి బిగుతవుతుంది. లోపల గుడ్డ ఉంటే కుట్టు విప్పి వదులు చేయించుకుంటాం. లేదంటే చీర బీరువాలో, జాకెట్టు పనమ్మాయికి. కంప్యూటర్‌కి మదర్‌బోర్డు ఎంచుకోవడంలో కూడా చూడాల్సింది ఇదేనని, 2023లో మా అమ్మాయి బీఆర్క్‌లో చేరినప్పుడు తెలిసింది నాకు.

బీఆర్క్ అంటే ఐదేళ్ల చదువు. మొదట్లో చేత్తో వేసే డ్రాయింగులే ఎక్కువ. తర్వాత ఆటోక్యాడ్, స్కెచప్, ఆపైన రెవిట్, రెండరింగు. ఏటికేడు ఫైళ్లు బరువెక్కుతాయి. మా చేతిలో ఉన్నది చీటీ పాడితే వచ్చిన 70,000. ఐదేళ్లూ ఆ కంప్యూటర్‌తోనే గడవాలి. వెనకాలే చిన్నవాడి ఇంటర్ ఫీజులు కాచుకుని ఉన్నాయి మరి.

చుట్టాలందరూ ల్యాప్‌టాప్ కొనమన్నారు. కానీ పల్చటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌ని బోర్డుకే సోల్డర్ చేసేస్తారు. తర్వాత పెంచుకుందామన్నా కుదరదు. అందుకని డెస్క్‌టాప్ అనుకుని, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాం.

అక్కడ ఒక షాపతను కాగితం మీద లెక్క రాసిచ్చాడు. అందులో హెచ్610 చిప్‌సెట్ ఉన్న బోర్డు. ఈ రకం బోర్డులకి ర్యామ్ స్లాట్లు రెండే. 8 జీబీవి రెండు పెడితే 16 జీబీ. "ఇప్పటికి చాలమ్మా" అన్నాడు.

ఇప్పటికి చాలు, నిజమే. "రేపు 32 కావాలంటే?" అని అడిగాను.

"ఈ రెండూ తీసేసి, 16వి రెండు కొనుక్కోవాలి."

అంటే కలపాలంటే ముందు తీసెయ్యాలన్నమాట. పోనీ ఇప్పుడు 16ది ఒక్కటే పెట్టి, రెండోది తర్వాత కొంటే? దానికీ చిక్కుంది. ర్యామ్ జంటగా ఉంటే ప్రాసెసర్ రెండు దారుల్లో పని చేయించుకుంటుంది, డ్యుయల్ ఛానల్ అంటారు. ఒక్కటే ఉంటే ఒకటే దారి, వేగం తగ్గుతుంది. నాలుగు స్లాట్లున్న బోర్డయితే ఇవాళ రెండు, రేపు రెండు. దేన్నీ తీసెయ్యక్కర్లేదు. అదే షాపులో బీ760 బోర్డు అలాంటిది ఉంది. తేడా 3,500.

"ఖాళీ స్లాట్లకి మూడున్నర వేలా?" అన్నారు మా వారు.

"మన డాబా మీద పిల్లర్లకి చువ్వలెందుకు వదిలించారండీ?" అన్నాను. ఆయన నవ్వేశారు. పై అంతస్తు ఇప్పటికీ వెయ్యలేదు మేము. కానీ వేయాలనిపిస్తే కింది ఇల్లు పగలగొట్టక్కర్లేదు.

కంప్యూటర్‌లో ర్యామ్, హార్డ్ డిస్క్ లాంటివి దేనికది మార్చుకోవచ్చు. బోర్డు మార్చాలంటే మాత్రం అన్నీ విప్పాలి. ఏ ప్రాసెసర్ పట్టాలో, ఏ రకం ర్యామ్ పట్టాలో దాని చేతిలోనే ఉంటుంది.

ఈ మాటలన్నీ వింటూ మా అమ్మాయి మెల్లిగా, "రెండు చాల్లే అమ్మా, నేను సర్దుకుంటాను" అంది. అక్కడే నా మనసు గట్టిపడింది. చీటీ డబ్బు సంగతి దానికి తెలుసు. అందుకే ఆ మాట. మన ఇళ్లలో ఆడపిల్లకి ఆ మాట ఎవరూ నేర్పక్కర్లేదు, మనల్ని చూసే వచ్చేస్తుంది. రంగు లైట్ల క్యాబినెట్ వద్దని మామూలుది తీసుకున్నాం. ఇంట్లో ఉన్న పాత కీబోర్డు, మౌసే ఉంచేశాం. సర్దుబాటు అక్కడ చేసి, నాలుగు స్లాట్ల బోర్డు కొన్నాం.

మీలో ఎవరైనా పిల్లలకి కొనబోతుంటే నాకు తెలిసిన నాలుగు సంగతులు చెప్తాను.

పేరు చూసి కొనకండి, స్లాట్లు లెక్కపెట్టండి. బీ760 బోర్డుల్లోనే రెండు స్లాట్లవీ ఉన్నాయి, నాలుగువీ ఉన్నాయి. మినీ ఐటీఎక్స్ అనే చిన్న బోర్డుల్లో సాధారణంగా రెండుకి మించి ఉండవు.

డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని చోట ఒకటి పట్టవు, గాడి వేరు. బోర్డు ఏదడుగుతుందో ముందే చూసుకోండి. డీడీఆర్5లో నాలుగు స్లాట్లూ నింపితే సాధారణంగా వేగం తగ్గుతుంది. అందులో పెద్దవి రెండు కొనుక్కోవడమే మేలు. మేము తీసుకున్నది డీడీఆర్4. అందులో ఒక్కో స్లాటుకి 32 జీబీ వరకు పెట్టుకోవచ్చు, నాలుగింటికీ కలిపి 128.

నాలుగు స్లాట్లలో రెండే పెట్టేటప్పుడు, మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. బోర్డుతో వచ్చే పుస్తకంలో బొమ్మ వేసి చూపిస్తారు.

ఇంకోటి, ఉత్తరాలు టైపు చేసుకోడానికీ, ఆన్‌లైన్ క్లాసులకీ అయితే రెండు స్లాట్లు బ్రహ్మాండంగా సరిపోతాయి. ఆ మిగిలిన డబ్బు మంచి కుర్చీ మీద పెట్టండి.

మా అమ్మాయి మూడో ఏడాదిలోకి వచ్చాక రెవిట్ ఫైళ్లు మొరాయించడం మొదలైంది. అదే కంపెనీ, అదే వేగం ఉన్న 8 జీబీవి ఇంకో రెండు తెప్పించాం. పక్క తలుపు తీసి, క్లిప్పు "టక్" మనేదాకా నొక్కి, పది నిమిషాల్లో అదే పెట్టేసుకుంది. పాతవి పాతచోటే ఉన్నాయి.

అన్నిటికంటే నాకు సంతోషం ఏమిటంటే, ఈసారి అది "సర్దుకుంటాను" అనలేదు. వంటింట్లోకి వచ్చి, "అమ్మా, ర్యామ్ కావాలి. చోటుందిగా" అని నేరుగా అడిగింది.