భిలాయిలో పట్టా పుట్టుక

భిలాయి పేరు వినగానే మన ఉక్కు కుటుంబాలలో చాలామందికి ముందుగా జ్ఞాపకం వచ్చేది ఎవరో ఒక బంధువుల ఇల్లు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ ఆ ఊరికి తరలివెళ్లి, అక్కడే స్థిరపడిన కుటుంబాలు అనేకం. వారి మనుమలు నేడు తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ భాషలను ఒకే వాక్యంలో అవలీలగా కలిపి మాట్లాడుతున్నారు. సెక్టార్ 5లోని బాలాజీ ఆలయంలో వినవచ్చే తెలుగు మాటలు వింటే రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్‌ల మీదుగా ఇంత దూరం ప్రయాణించి వచ్చామన్న సంగతే మరపునకు వస్తుంది.

మన విశాఖ కర్మాగారం వలెనే భిలాయి కూడా సోవియట్ సహకారంతో వెలసినదే. ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న కుదిరింది. అప్పటికి అది మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో వరిపొలాల ప్రాంతం; ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినది 2000 నవంబరులో. దక్షిణాన దల్లీ-రాజహరా కొండల నుంచి ఇనుప ఖనిజం, చేరువలోని నందిని గనుల నుంచి సున్నపురాయి లభిస్తాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ మరుసటి సంవత్సరమే పట్టాల మిల్లు పని మొదలుపెట్టింది. పది లక్షల టన్నులతో ఆరంభమైన సామర్థ్యం దశలవారీగా 25 లక్షలకు, తరువాత 40 లక్షలకు పెరిగింది.

ఊరు చూడముచ్చటగా ఉంటుంది. వెడల్పైన వీధులు, చెట్ల నీడ, పేర్లకు బదులు అంకెలతో పిలిచే సెక్టార్లు. 1972లో భారత-సోవియట్ స్నేహానికి గుర్తుగా నెలకొల్పిన మైత్రీబాగ్‌లో తెల్లపులులను చూడటానికి పిల్లలు ఉబలాటపడతారు. నా శ్రీమతి ఓటు కూడా పులులకే పడింది. "పెళ్లికి వచ్చి పట్టాలు చూస్తానంటారేమిటండీ?" అని ఆమె అడిగిన మాటలో న్యాయం లేకపోలేదు. అయినా రైలెక్కి వచ్చినవాడికి రైలు పట్టా ఎలా పుడుతుందో చూడాలనిపించడం సహజమే కదా!

పట్టాకు తల, నడుము, పాదం అని మూడు భాగాలు. చక్రం నడిచేది తల మీద, స్లీపర్ మీద ఆనేది పాదం, రెంటినీ కలిపేది నడుము. రైళ్ల బరువు, వేగం పెరిగినప్పుడల్లా ఎలాంటి పట్టా కావాలో రైల్వేవారు నిర్ణయిస్తారు, లక్నోలోని ఆర్.డి.ఎస్.ఓ. దానికి ప్రమాణాలు రూపొందిస్తుంది. ఆ కాగితం మీద ఉన్న ఆకృతిని రోలింగ్ ఇంజనీరు వెనుక నుంచి ముందుకు చదువుకోవాలి. చివరి రూపం ఇది అయితే దానికి ముందు రూపం ఏమిటి, అంతకు ముందుది ఏమిటి అని వెనక్కి లెక్కించుకుంటూ బ్లూమ్ అనే ఉక్కు దిమ్మె వరకూ పోవాలి. ఆ లెక్క ప్రకారం రోలర్లకు గాడులు కోస్తారు. ఎర్రగా ఉన్న పట్టా చల్లారితే కుంచించుకుపోతుంది కనుక ఆ తరుగును కూడా ముందే కలపాలి. 130 మీటర్ల పట్టాకు ఈ తరుగు సుమారు మీటరున్నర!

తరువాత ప్రయోగాత్మకంగా కొన్ని పట్టాలు తీస్తారు. ముక్క కోసి కొలతలు చూస్తారు, లాగి బలం పరీక్షిస్తారు, బరువును ఎత్తు నుంచి దానిపై పడవేసి చూస్తారు. అన్నీ నెగ్గితే పని పూర్తయినట్లే అని బయటివారు అనుకుంటారు. కానీ, ఒక మంచి పట్టా తీయడం వేరు, తీసిన ప్రతి పట్టా మంచిదై ఉండటం వేరు. నడిచేకొద్దీ రోలర్లు అరుగుతాయి. మొదటి పట్టాకు వచ్చిన కొలత వెయ్యవ పట్టాకు దానంతట అది రాదు. రోలర్లను ఎప్పుడు సవరించాలో, ఎప్పుడు మార్చాలో తెలియడమే మిల్లు నడిపేవారి విద్య.

కొలతలు కంటికి కనబడతాయి. కంటికి కనబడని శత్రువు హైడ్రోజన్. ద్రవరూపంలో ఉన్న ఉక్కు దానిని కరిగించుకుంటుంది. గట్టిపడిన ఉక్కు అంతగా ఇముడ్చుకోలేదు. బయటికి పోలేని వాయువు లోపలే చేరి వెంట్రుకవంటి పగుళ్లను పుట్టిస్తుంది. పట్టా తలలో దాగిన అటువంటి పగులు మిల్లులో బయటపడకపోయినా, వేలాది చక్రాలు నడిచిన తరువాత ఏ చలికాలపు రాత్రో పట్టాను విరిచివేయగలదు. భారతీయ ప్రమాణం ప్రకారం ద్రవ ఉక్కులో హైడ్రోజన్ పది లక్షల భాగాలకు 1.6 భాగాలు మించరాదు. అనగా టన్ను ఉక్కులో 1.6 గ్రాములు.

1998 నవంబరు 26న పంజాబ్‌లోని ఖన్నా వద్ద పట్టా విరిగి ఫ్రాంటియర్ మెయిల్ పెట్టెలు పక్క లైనుపై పడ్డాయి. వాటిని జమ్మూతావి-సియాల్దా ఎక్స్‌ప్రెస్ ఢీకొన్నది. రెండు వందల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాతి కాలంలో పట్టాల నాణ్యత గురించి, ఈ హైడ్రోజన్ గురించి దేశంలో తీవ్రమైన చర్చ సాగింది. ఇంజనీర్ల నివేదికలలో ఒక దశాంశ స్థానంగా కనిపించే అంకె వెనుక ఎన్ని కుటుంబాలు ఉంటాయో ఆ రోజులలో ఉక్కు పరిశ్రమలో పనిచేసిన మనందరికీ తెలుసు.

ప్రయోగానికి ఒక్క హీటు తీసేటప్పుడు పొడి సున్నం, పొడి ఫెర్రో మిశ్రమాలు ఏరి వాడవచ్చు. కానీ శ్రావణమాసంలో ఉప్పుజాడీ చెమర్చినట్లే సున్నమూ తేమను పీలుస్తుంది. ఆ తేమే హైడ్రోజన్‌కు మూలం. ఏడాది పొడుగునా, పగలూ రాత్రీ, ప్రతి హీటులోనూ ఆ 1.6ను మించకుండా ఉండాలంటే మనిషి జాగ్రత్త ఒక్కటే చాలదు. అందుకు భిలాయిలో ఆర్.హెచ్. డీగ్యాసర్ ఉన్నది. రెండు కాళ్ల పాత్ర ఒకటి లాడిల్‌లోని ఉక్కులోకి దిగుతుంది. పాత్ర లోపల శూన్యం. ఒక కాలిలోకి ఆర్గాన్ వాయువును పంపగా ఉక్కు పైకెక్కి, శూన్యంలో హైడ్రోజన్‌ను వదిలి, రెండవ కాలి గుండా కిందికి దిగుతుంది. ఇలా పలుమార్లు తిరిగిన ఉక్కే పట్టాల పోతకు వెళుతుంది.

ఇక పొడవు సంగతి. అతుకు ఎంత చక్కగా వేసినా అతుకే. 260 మీటర్ల పట్టాను పాతకాలపు 13 మీటర్ల ముక్కలతో కూర్చాలంటే 19 అతుకులు. 65 మీటర్ల పట్టాలైతే మూడు. 2017 జనవరిలో పని ప్రారంభించిన యూనివర్సల్ రైల్ మిల్లు 130 మీటర్ల పట్టాను ఏకఖండంగా తీస్తుంది. కనుక ఒక్క అతుకుతో సరి. ఏటా 12 లక్షల టన్నుల సామర్థ్యంతో నిర్మించిన మిల్లు ఇది. పట్టాను నాలుగు వైపుల నుంచీ నాలుగు రోలర్లు ఒత్తుతాయి కాబట్టి తలకూ పాదానికీ నేరుగా ఒత్తిడి అందుతుంది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది మాత్రం కూలింగ్ బెడ్. తల దళసరి, పాదం పలుచన. రెండూ ఒకే వేగంతో చల్లారవు. వదిలేస్తే పట్టా చల్లారేసరికి విల్లులా వంగుతుంది. అందుచేత వేడిగా ఉండగానే దానిని ఎదురు దిశలో వంచి పరుస్తారు. సుమారు 7.8 టన్నుల బరువున్న ఆ ఎర్రని పట్టా చల్లారుతూ తనంతట తానే తిన్నబడుతుంటే చూడటానికి రెండు కళ్లూ చాలలేదు. మిగిలిన కొద్దిపాటి వంపును స్ట్రెయిటెనింగ్ యంత్రం సరిచేస్తుంది. ఆపై అల్ట్రాసోనిక్ పరీక్ష పట్టా అంతరంగాన్ని ఆ చివర నుంచి ఈ చివర వరకూ తడిమి చూస్తుంది.

రెండేసి పట్టాలను అతికిన 260 మీటర్ల పొడవును వరుస వాగన్లపై పరచి పంపుతారు. మలుపులలో వాగన్లతో పాటు పట్టాలు కూడా పాములా వంగుతాయి. గట్టిదనానికి పేరుపడ్డ పట్టా ఇలా వంగడం చూసి మా మేనల్లుడు, "మామయ్యా, ఇది రబ్బరా?" అన్నాడు.

ఈసారి స్టేషన్‌లో రైలు ఆలస్యమైతే, ప్లాట్‌ఫారం మీద నుంచే ఎదుటి లైనులోని పట్టా నడుము వైపు చూడండి. తయారీదారు గుర్తు, నెల, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాలలో కనిపిస్తాయి. వాటితో పాటు వేడిమీద ముద్రించిన హీటు నంబరు కూడా ఉంటుంది. ఎన్నేళ్ల తరువాత ఎక్కడ ఆ పట్టాలో లోపం కనబడినా, ఆ నంబరు పట్టుకుని అది ఏ రోజు ఏ లాడిల్ నుంచి వచ్చిన ఉక్కో, ఆనాడు అందులో హైడ్రోజన్ ఎంతో తిరిగి వెతుకుతారు.