లెక్కకు రాని చదువు

ఆదోని

ప్రియమైన బావా,

నీ జాబు అందింది. పాపను బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెప్పుకుందామనుకుంటున్నామని రాశావు. పాతకాలంలో మన ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్ళల్లో పిల్లలు అన్నీ ఇంట్లోనే కదా నేర్చుకున్నది, అప్పుడు లేని కొరత ఇప్పుడెందుకొస్తుంది అనీ అడిగావు. పాప సంగతి నువ్వూ అక్కా తేల్చుకోవలసింది, నేను తీర్పు చెప్పను. ఆ పాతకాలం గురించి మాత్రం చెప్పాలని ఉంది. ఆ రోజుల పిల్లల చదువు మీద దేశంలో చాలా జిల్లాలకు దొరకనంత వివరంగా రాసిన కాగితం ఒకటి మన సీమకుంది.

మనది 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా బళ్ళారి జిల్లా. కాబట్టి మన ముత్తాతల సంగతులు వెతకాలంటే కర్నూలు కాగితాలు తిరగేస్తే దొరకవు, బళ్ళారి కాగితాలు చూడాలి. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాకు బళ్ళెన్ని, పిల్లలెందరు లెక్క పంపమని కలెక్టర్లందరికీ ఉత్తర్వులిచ్చాడు. మన్రో అంటే మనవాళ్ళకు కొత్తేమీ కాదు. దత్తమండలాలకు మొదటి కలెక్టరు ఆయనే, చివరికి 1827లో కలరా తగిలి ప్రాణం విడిచింది మన పత్తికొండలోనే. ఆయన అడిగిన లెక్కకు బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంబెల్ 1823 ఆగస్టులో జవాబు రాశాడు. పట్టిక నింపి ఊరుకోలేదు. బడి అరుగు మీద ఒక మూల కూర్చుని చూసినవాడిలా రాశాడు. తెలుగు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన మనిషి, పిల్లవాడు అక్షరం ఎట్లా దిద్దుతాడన్నది ఆయనకు పట్టింది. ధరంపాల్ 1983లో ‘ది బ్యూటిఫుల్ ట్రీ’ పుస్తకంలో ఈ నివేదికలన్నీ అచ్చు వేయించాడు. నేను చదివింది అందులోనే.

జిల్లాలో జనం తొమ్మిది లక్షల ఇరవైఏడు వేల పైచిలుకు. బళ్ళు 533. కన్నడం చెప్పేవి 235, తెలుగువి 226, మరాఠీ 23, పారసీ 21, తమిళం 4, ఇంగ్లీషు ఒక్కటే ఒక్కటి. బ్రాహ్మణులకు మాత్రమే సంస్కృతం చెప్పే చోట్లు 23. నీ మాటలో తెలుగూ కన్నడమూ కలిసిపోతాయని బెంగళూరులో అంటారని ఒకసారి బాధపడ్డావు గుర్తుందా? ఈ అంకెలు చూడు. రెండు వందల ఏళ్ళ కిందటే మన పిల్లలు ఆ రెండు నుడుల్లోనూ దిద్దుకున్నారు.

బిడ్డకు అయిదేళ్ళు రాగానే అయ్యవారినీ బడి పిల్లలనూ ఇంటికి పిలుస్తారు. వినాయకుడి చుట్టూ కూర్చుంటారు, బిడ్డ దేవుడికి ఎదురుగా. అయ్యవారు పక్కన కూర్చుని, చదువు ఇమ్మని వేడుకునే మాట పలికించి, చేయి పట్టుకుని బియ్యంలో వేలితో రాయిస్తాడు. మరునాటి నుంచి బడి. పొద్దున ఆరింటికల్లా చేరాలి. అందరికంటే ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత ఎంత ఆలస్యమైతే అన్ని. చదవనివాడికి గుంజీళ్ళు, కోదండం. చేతులు తాడుకు కట్టి దూలానికి వేలాడదీసేవాళ్ళని కాంబెల్ రాశాడు. ఇది చదివినప్పుడు నాకు కడుపులో తిప్పింది. పాతకాలపు బడి మంచిదని ఎవరన్నా అంటే ఈ తాడు సంగతీ చెప్పాలనిపిస్తుంది.

అక్షరాలు నోటితో వల్లించి కాదు, ఇసుకలో వేలితో రాసి నేర్చుకునేవాళ్ళు. చేయి తిరిగాక పలక, లేదంటే కడితం. పలకంటే మూడడుగుల పొడుగు, అడుగు వెడల్పు చెక్క. దానికి అన్నమూ బొగ్గుపొడీ కలిపి పూస్తారు. కడితం మాత్రం మన ఇళ్ళ సొత్తు బావా. గుడ్డకు గంజి పట్టించి, పుస్తకంలా మడతలు వేసి, బొగ్గుపొడీ బంకలూ కలిపి పూసి ఆరబెడితే నల్లని పుటలు. బలపంతో రాయడం, తడిగుడ్డతో తుడవడం, మళ్ళీ రాయడం. నేసిన గుడ్డా, పడుగుకు పెట్టే గంజీ రెండూ మగ్గం ఇంట్లో ఎప్పుడూ ఉండేవే. కాగితం కొనే అవసరం లేకుండా ఒక పిల్లవాడి చదువంతా ఆ గుడ్డ మీద నడిచింది.

తర్వాత గుణింతాలు, ఒత్తులు, మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు. ఆ పైన లెక్కలు. మన లెక్క పదుల్లో దిగదు, నాలుగుల్లో దిగుతుంది. ఒకటిలో నాలుగో వంతు కాలు, పదహారో వంతు వీసం, అరవైనాలుగో వంతు కాణి. రోజుకు రెండుసార్లు పిల్లలందరూ వరుసగా నిలబడి, పెద్ద పిల్లవాడు చెబుతుంటే ఈ ఎక్కాలన్నీ గొంతెత్తి అప్పజెప్పేవాళ్ళు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు నేర్పే ఈ పద్ధతి మెచ్చుకోదగ్గదనీ, ఇంగ్లాండు దీన్ని అనుసరించడం సబబేననీ కాంబెల్ రాశాడు. పైతరగతి పిల్లలకు అయ్యవారు పాత ఉత్తరాలూ, గొలుసుకట్టు రాతలూ సేకరించి తెచ్చి చదివించేవాడు. జాబు రాయడం, ఒప్పంద పత్రం రాయడం నేర్పేవాడు. ఊళ్ళో బతకడానికి ఏం కావాలో అది.

ఇంత చెప్పాక ఆ బడిలోకి ఎవరు వెళ్ళారో కూడా చూడాలి. జిల్లా మొత్తం మీద పిల్లలు 6,641. వెయ్యిమంది జనానికి ఏడుగురే. ఆడపిల్లలు అరవైమంది, జిల్లా అంతటికీ! అందులోనూ 57 మంది శూద్ర, ఇతర కులాల పిల్లలు. మరి మిగతా పిల్లలు ఏం చేస్తున్నట్టు?

నీ ప్రశ్న ఇక్కడికే వస్తుంది. 1826లో మన్రో ఈ లెక్కలన్నీ ముందేసుకుని రాసిన మినిట్ అనే సర్కారు కాగితంలో ఒక మాట అన్నాడు. ఇళ్ళల్లో చుట్టాల దగ్గరా, సొంత గురువుల దగ్గరా చదువుకునే పిల్లల లెక్క జిల్లాల నుంచి రానే లేదు, ఆ అలవాటు దేశంలో అన్నిచోట్లా ఉంది అని. మద్రాసు పట్నానికి మాత్రం ఆ లెక్క వచ్చింది. అక్కడ ఇంట్లో చదువుకునేవాళ్ళు 26,963 మంది, బళ్ళలో ఉన్నవాళ్ళకు అయిదు రెట్లు పైనే. మన ఆదోని తాలూకాలో ఎందరో ఏ కాగితమూ చెప్పదు.

ఆ కాగితంలో లేని పిల్లలను నేను మీ ఇంట్లో చూశాననే అనుకుంటాను. మీ జేజి రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతుంటే నువ్వు తీసి బుట్టలో వేసేవాడివి. మీ నాయన గుంతలో దిగి నేస్తూ, తల ఎత్తకుండానే పోగులెన్నని అడిగేవాడు. తెలుగు సాలెల లెక్కలో పుంజం అంటే 120 పోగులు. పద్నాలుగు పుంజాల బట్టంటే ఎన్ని పోగులో నీకు అయిదో తరగతి పంతులు నేర్పలేదు. అచ్చులో ఒక్క పోగు తప్పినా బట్టలో గీత పడుతుంది కాబట్టి నీ వేళ్ళు నేర్చుకున్నాయి. రైతు ఇంట్లో అయితే గొర్రు వెనక నడిచే పిల్లవాడికి జడ్డిగంలో గింజ ఎంత వదలాలో, నల్లరేగడి ఎప్పుడు పదునుకొస్తుందో అట్లాగే పట్టుబడుతుంది. ఆడపిల్లలకైతే చదువంటూ దొరికింది ఎక్కువగా ఇదే. ఇది చదువు కాదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

అయితే బావా, కాంబెల్ నివేదికలో నన్ను పట్టి కుదిపిన చోటు వేరే ఉంది. ఒకప్పుడు బళ్ళున్న ఊళ్ళల్లో ఇప్పుడు లేవు, పెద్ద బళ్ళున్నచోట కలిగినవాళ్ళ పిల్లలు నలుగురు మిగిలారు అని రాసి, కారణం దాచకుండా చెప్పాడు: దేశం బీదపడింది. నేత బట్టల స్థానంలోకి ఇంగ్లీషు మిల్లు బట్టలు వచ్చి చేతిపనివాళ్ళ రాబడి పడిపోయింది. కుంపిణీ కలెక్టరే కుంపిణీకి రాసిన మాట ఇది, 1823లోనే! మగ్గం ఆగిన ఇంట్లో అయ్యవారికిచ్చే డబ్బులు ముందు ఆగుతాయి. ఆ తర్వాత పిల్లవాడు ఇంట్లో నేర్చుకునే పనీ ఆగుతుంది, ఎందుకంటే ఇంట్లో పనే లేదు. ఆ పైన 1876లో వచ్చిన ధాత కరువు సంగతి నీకు తెలిసిందే. అప్పుడు చదువు మాట ఎవరు ఎత్తుతారు?

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టింది ఈ దెబ్బ నుంచి ఇళ్ళను లేపడానికే అని నా నమ్మకం.

అందుకే ఇంట్లో చదువు అనగానే నేను ముందు ఇల్లు ఎట్లా నడుస్తుందని చూస్తాను. నీకు ఉద్యోగం ఉంది, అక్క ఇంటిపట్టున ఉంది, అలమర నిండా పుస్తకాలున్నాయి. పాపకు ఏ దారిన చెప్పినా వస్తుంది. ఇక్కడ నా తరగతిలో దీపావళి దాటితే సగం బెంచీలు ఖాళీ అవుతాయి. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు నుంచి జనం మూటలు కట్టుకుని సుగ్గికి పోతారు, గుంటూరు పక్క మిరప కోతకు, తెలంగాణలో పత్తికి. అవ్వాతాతల దగ్గరో, సర్కారు సీజనల్ హాస్టల్లోనో వదిలిన పిల్లలు కొందరు. వెంట పోయేవాళ్ళే ఎక్కువ. పోయినసారి తిరిగొచ్చిన ఒక పాప, ఎన్ని కేజీలు కోస్తే కూలి ఎంత, అందులో మేస్త్రీకి ఎంత పోతుంది, రైలు చార్జీ పోను ఇంటికి ఎంత మిగిలింది, నేను బలపం తీసేలోగా నోటితో చెప్పింది. పాఠం మాత్రం కూడబలుక్కోలేక ఏడ్చింది. ఆ పిల్ల లెక్కను ఏ పరీక్షా అడగదు, ఆ పిల్లకు రాని పాఠాన్ని మాత్రం అన్ని పరీక్షలూ అడుగుతాయి. ఇప్పుడు ఉగాది తర్వాత వచ్చే పిల్లలకు నేను పాఠం మొదలుపెట్టేది కూలి లెక్కతోనే. వాళ్ళు నోటితో చెప్పింది బోర్డు మీద రాయిస్తాను, ఊళ్ళ పేర్లు రాయిస్తాను, ఆ పైన వాచకం. పెద్ద తరగతి పిల్లల్ని పక్కన కూర్చోబెడతాను. కొందరు అందుకుంటున్నారు, కొందరు మళ్ళీ సుగ్గి రాకముందే బడి మానేస్తున్నారు. వాళ్ళ ఊళ్ళోనే పని ఉంటే మానరు.

పాపకు ఇంట్లోనే చెప్పాలని తేల్చుకుంటే ఏడాదికి రెండు నెలలు ఇక్కడికి పంపు. నా తరగతిలో కూర్చుంటుంది, ఈ పిల్లలతో కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడుతుంది. ఇంకొక పని. మీ జేజికి వీసాల ఎక్కాలు నోటికొచ్చని మీ నాయన ఎప్పుడో అన్నాడు. ఆమెకు ఓపిక ఉన్నప్పుడే పక్కన కూర్చుని చెప్పించుకుని, ఫోన్లో రికార్డు చేసి నాకు పంపు. మా పిల్లల చేత చదివిస్తాను.

అక్కను అడిగానని చెప్పు. పాపకు ముద్దులు.

నీ బావ