ఏకగ్రీవం

ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాటి సాయంత్రం. ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరాం. "శాసనసభాపక్ష నాయకుడి ఎన్నిక ఏకగ్రీవం" అని తెరమీద అక్షరాలు పరుగెడుతున్నాయి.

"ఏకగ్రీవం అంటే ఏమిటి నాన్నా?" అంది ఇంటరు చదివే మా అమ్మాయి.

తెలుగు మేష్టరుకి అంతకంటే ఏం కావాలి! "గ్రీవం అంటే మెడ తల్లీ. రావణాసురుడికి పది మెడలు గనక దశగ్రీవుడన్నారు. అందరి మెడలూ ఒక్కటై ఒకే వైపు తిరిగితే ఏకగ్రీవం" అన్నాను.

"మరి తిప్పేదెవరు?" అంది మా ఆవిడ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

నాకు వెంటనే సమాధానం తోచలేదు. రాజ్యాంగం 164వ అధికరణం ప్రకారం ముఖ్యమంత్రిని నియమించేది గవర్నరు. మంత్రివర్గం సమష్టిగా శాసనసభకు బాధ్యత వహించాలి గనక, సభలో ఎవరికి బలముందో వారినే పిలవాలి. ఆ బలం తేల్చడానికే గెలిచిన పార్టీవారు సమావేశమై నాయకుణ్ణి ఎన్నుకుంటారు. పెళ్ళికి ముందు తాంబూలాలు పుచ్చుకోవడం లాంటిదన్నమాట. రాజ్యాంగంలో ఈ సమావేశం ఊసే లేదు, ఆచారంగా వస్తున్నది.

అయితే తాంబూలాలకు ముందే సంబంధం ఖాయమవుతుంది గదా! జాతీయ పార్టీలయితే ఢిల్లీనుంచి పరిశీలకులు వస్తారు. సభ్యుల్ని ఒక్కొక్కరినే పిలిచి మనసులో మాట అడుగుతారు. "నిర్ణయం అధిష్ఠానానిదే" అంటూ ఏకవాక్య తీర్మానం చేయడమూ మామూలే. ప్రాంతీయ పార్టీలో ఆ శ్రమ కూడా తక్కువ. నాయకుడెవరో ఓటు వేసేనాడే అందరికీ తెలుసు.

ఎప్పుడూ ఇలాగే జరిగిందా? 1946లో మద్రాసులో కాంగ్రెసు శాసనసభ్యులు రాజాజీ నాయకుడు కావాలన్న గాంధీగారి కోరికను సైతం కాదన్నారు. పోటీలో ముత్తురంగ మొదలియారుపై నెగ్గి ప్రకాశంగారు ప్రధాని అయ్యారు. ఏడాది తిరక్కుండానే సొంత పార్టీవారే ఆయన్ను దించేశారు కూడాను. 1954లో అదే మద్రాసులో కామరాజ్ నాడారుకి 93, సుబ్రహ్మణ్యంగారికి 41 ఓట్లు వచ్చాయి. నెగ్గిన కామరాజ్ ఓడిన సుబ్రహ్మణ్యాన్ని మంత్రివర్గంలోకి తీసుకున్నారు. చీటీలు లెక్కపెట్టినంత మాత్రాన ఇల్లు కూలిపోలేదు!

ఇదంతా మావాళ్ళకు ఉత్సాహంగా చెబుతున్నవాణ్ణి ఉన్నట్టుండి ఆగిపోయాను. నా క్లాసు గుర్తుకొచ్చింది.

ఏడాది మొదట్లో క్లాసు ప్రతినిధిని ఎన్నుకోవలసి వచ్చింది. బుద్ధిమంతుడయిన ఒక కుర్రవాణ్ణి నిలబెట్టి, "ఇతనయితే బాగుంటుంది. ఎవరికయినా అభ్యంతరమా?" అన్నాను. అరవైమందీ మౌనం. "ఏకగ్రీవం" అని రాసుకుని పాఠం మొదలెట్టాను.

పల్లెనుంచి వచ్చే ముగ్గురమ్మాయిలు రోజూ మొదటి గంటకు ఆలస్యమయ్యేవారు. గైర్హాజరు వేస్తూ పోయాను. తీరా హాజరు చాలక వాళ్ళను పరీక్షకు రానివ్వరన్న పరిస్థితి వచ్చాక, బస్సు వేళ మారిందని తెలిసింది.

"మీ ప్రతినిధితో చెప్పించవచ్చుగా?" అని కోప్పడ్డాను.

అందులో ఒకమ్మాయి తల వంచుకుని, "అతను మీ మనిషి గదండీ" అంది.

కుర్రవాడి తప్పేమీ లేదు. నా ముఖం చూసి మాట్లాడడం అతనికి నేర్పింది నేనే. ప్రిన్సిపాలుగారిని బతిమాలి ఆ పిల్లల్ని పరీక్షకు కూర్చోబెట్టాను గాని, ఆ మాట మాత్రం ఇంకా ముల్లులా గుచ్చుకుంటూనే వుంది.

"ఏమండీ, తిప్పేదెవరో చెప్పలేదు" అంది మా ఆవిడ మళ్ళీ.

"ఒక్కొక్క చోట మేష్టరు" అన్నాను.

రేపు క్లాసుకు తెల్లకాగితాలు పట్టుకెళుతున్నాను. మళ్ళీ ఎన్నిక పెడతాను. ఎవరి పేరు రాస్తారో నాకు తెలియదు. తెలియకపోవడమే బాగుంది.